మస్టర్లో పేరు లేని పాటగాడు

ఉపాధి పనికి వెళ్ళినోళ్ళకి ఒక సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఎండలో గునపం పట్టి కాలవ పూడిక తీసినా, మస్టర్లో పేరు లేకపోతే కూలి పడదు. "అదుగో నేను తవ్విన మట్టి" అని గట్టు మీద కుప్ప చూపించినా లాభం లేదు. మట్టి సాక్ష్యం చెప్పదు. కాగితమే చెబుతుంది.

పాటకి కూడా ఒక మస్టరు ఉంటుంది. రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, పాడిందెవరు అని చెప్పే పట్టీ అది. క్యాసెట్ల రోజుల్లో అట్ట మీద ఉండేది. ఇప్పుడు సెల్‌ఫోను తెర మీద పాట కింద చిన్నక్షరాల్లో ఉంటోంది. దాన్ని చదివేవాళ్ళు తక్కువ. కానీ పేరూ, డబ్బూ రెండూ ఆ పట్టీని చూసుకునే నడుస్తాయి. అందులోంచి మనోళ్ళ పేరు ఎలా జారిపోతుందో తెలుసుకోవాలంటే ఒక తమిళ పాట కథ చూడాలి.

2021 మార్చి 7న 'ఎంజాయ్ ఎంజామి' అనే పాట వచ్చింది. ధీ అనే గాయని, అరివు అనే ర్యాప్ కవి కలిసి పాడారు. సంగీతం సంతోష్ నారాయణన్‌ది. మాజ్జా అనే కంపెనీ విడుదల చేసింది. సినిమా పాట కాదు, విడిగా వచ్చిన పాట. అయినా యూట్యూబులో నలభై కోట్ల సార్లు దాటి చూశారు. తమిళం ఒక్క ముక్క రాని మన పిల్లలు కూడా బడి వార్షికోత్సవాల్లో దానికి గంతులేశారు. 'ఎంజామి' అంటే 'ఎన్ సామి', మన మాటలో 'నా సామి'. మన పేటల్లో ముసలమ్మలు మనవళ్ళని 'నా అయ్యే, నా తండ్రే' అని పిలవరూ, అలాంటి పిలుపే.

ర్యాప్ అంటే తాళం మీద మాటని గురిచూసి విసరడం. 1970లలో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే పేదల పేటలో నల్లజాతి కుర్రాళ్ళు, లాటిన్ కుర్రాళ్ళు పుట్టించిన హిప్ హాప్‌లో అదొక భాగం. బుర్రకథ, జముకుల కథ విన్న చెవులకి అది మరీ పరాయిదేం కాదు. అరివుది అరక్కోణం. దళితుడు, అంబేద్కర్‌ని చదువుకున్నవాడు. దర్శకుడు పా. రంజిత్ చొరవతో 2017లో పుట్టిన 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందంలో పాడి పైకొచ్చాడు. చావు దగ్గర తప్ప ఇంకెక్కడా వినపడకూడదని పెద్దకులాలు కట్టడి చేసిన పఱై వాయిద్యాన్ని, అంటే మన డప్పుకి అన్నదమ్ముడి లాంటిదాన్ని, ఆ బృందం తీసుకెళ్ళి చెన్నై వేదిక మీద నిలబెట్టింది.

'ఎంజాయ్ ఎంజామి' పాటకి వేరు అరివు అవ్వ వల్లియమ్మాళ్ బతుకులో ఉంది. ఆమె శ్రీలంక తేయాకు తోటల్లో కూలి. తమిళనాడు నుంచి ఆ తోటలకి తరలించిన కూలీల్లో చాలామంది భూమి లేని దళితులే. తరాల తరబడి ఆ కొండల మీద తేయాకు పెంచారు, కోశారు. 1964 అక్టోబరులో సిరిమావో బండారనాయకే, లాల్ బహదూర్ శాస్త్రి కూర్చుని ఆ జనాన్ని పంచుకున్నారు. 5 లక్షల 25 వేల మంది ఇండియాకి, 3 లక్షల మంది శ్రీలంకకి. మిగిలినోళ్ళ సంగతి తర్వాత చూద్దామన్నారు. సంతలో గొడ్లని పంచుకున్నట్టు మనుషుల్ని పంచుకున్నారు. ఏ తోటని తాము పెంచారో ఆ తోట వాళ్ళది కాలేదు. తిరిగొచ్చిన గడ్డ మీదా సెంటు భూమి దక్కలేదు. ఈ గోసనే అరివు పాటలో పెట్టాడు. చావింట్లో ఆడవాళ్ళు రాగం తీసి ఏడ్చే ఏడుపుని తమిళంలో ఒప్పారి అంటారు. గంతులేయించే ఆ పాట నడుమ ఆ ఏడుపు ఉంది.

కోనసీమోళ్ళకి ఇది కొత్త కథా? కొబ్బరి చెట్టెక్కి దింపు తీసేదెవరు, తోట ఎవరిది? ఒకప్పుడు గోదావరి జిల్లాల నుంచి కూలికి రంగూన్ ఓడ ఎక్కిందెవరు? ఇవాళ పిల్లల్ని ముసలోళ్ళకి వదిలి కువైట్, మస్కట్ ఇళ్ళల్లో అంట్లు తోముతున్న ఆడకూతుళ్ళు ఏ పేటలోళ్ళు? అందుకే భాష తెలియకపోయినా ఆ పాట మనకి తగిలింది.

ఇక అసలు సంగతి. పాట లోకమంతా తిరిగింది. పాటతోపాటు అరివు పేరు తిరిగిందా?

2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా అనే సంగీత పత్రిక 'ఎంజాయ్ ఎంజామి', 'నీయే ఒలి' అనే రెండు పాటల్ని మెచ్చుకుంటూ ముఖచిత్రం వేసింది. దాని మీద ధీ ఉంది. షాన్ విన్సెంట్ డి పాల్ అనే గాయకుడు ఉన్నాడు. ఆ రెండు పాటలకీ మాటలు రాసిన అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాడు. గొడవ ముదిరాక ఆ పత్రిక అరివు బొమ్మతో ఇంకో ముఖచిత్రం ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ పాటకి డీజే స్నేక్ అనే ఫ్రెంచి సంగీతకారుడు కొత్త రూపం కట్టాడు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో దాని గురించి పెద్ద బొమ్మ వెలిగింది. అందులోనూ అరివు లేడు. 2022 జూలై 28న చెన్నైలో ప్రధానమంత్రి ముందు చదరంగం ఒలింపియాడ్ ప్రారంభోత్సవం జరిగింది. ధీ, జానపద గాయని కిడాక్కుళి మారియమ్మాళ్ అదే పాట పాడారు. అక్కడా అరివు లేడు.

అప్పుడు అరివు నోరు విప్పాడు. ఈ పాట రాసింది, బాణీ కట్టింది, పాడింది తానేనని, తనకి ఎవరూ బాణీ గానీ ఒక్క మాట గానీ ఇవ్వలేదని, దీని కోసం ఆరు నెలలపాటు నిద్రలేని రాత్రులు గడిపానని ప్రకటించాడు. చివర జై భీమ్ అన్నాడు. సంతోష్ నారాయణన్ జవాబిచ్చాడు. పాటకి సంగీతం కూర్చింది తానని, ఇది కలిసి చేసిన పని అని, రాబడిలో హక్కు ముగ్గురికీ సమానమని, ఆ రోజు అరివు అమెరికాలో ఉండబట్టి రాలేకపోయాడని చెప్పాడు. అరివుకి దక్కాల్సిన గుర్తింపుని తానెప్పుడూ తగ్గించలేదని ధీ కూడా చెప్పింది.

ఏ బాణీ ఎవరు కట్టారో తేల్చడానికి మనం ఆ స్టూడియోలో లేం. ధీ మనకి శత్రువూ కాదు, ఆమె గొంతు లేకపోతే ఆ పాట అలా ఉండేదీ కాదు. సంతోష్ నారాయణన్ పనీ చిన్నది కాదు. కానీ ఒక ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. ఒకసారి పత్రిక వాళ్ళకి గుర్తు రాలేదు. ఇంకోసారి బొమ్మలో చోటు చాల్లేదు. మరోసారి మనిషి ఊళ్ళో లేడు. ప్రతిసారీ ఒక కారణం ఉంది. ఒక్కో కారణం విడిగా చూస్తే నిజమే అయ్యుండొచ్చు. మరి ప్రతిసారీ తప్పిపోయే మనిషి ఒక్కడే ఎందుకయ్యాడు? మన పిల్లాడికి స్కాలర్‌షిప్ ఒక ఏడాది ఫారం తప్పని ఆగుతుంది, ఒక ఏడాది సర్వరు పనిచెయ్యలేదని ఆగుతుంది, ఒక ఏడాది గుమాస్తా సెలవని ఆగుతుంది. మూడు కారణాలూ వేరు. ఆగేది మాత్రం మన పిల్లాడిదే. కులం ఎప్పుడూ 'నేను కులాన్ని' అని చెప్పుకుని రాదు. పొరపాటు వేషం కట్టుకొస్తుంది.

ఇంకో ముచ్చట వినండి. 2024 మార్చిలో సంతోష్ నారాయణనే బయటికొచ్చి, మూడేళ్ళయినా ఈ పాట మీద తనకి గానీ, ధీకి గానీ, అరివుకి గానీ ఒక్క రూపాయి రాలేదన్నాడు. పాట హక్కుల్ని వెనక్కి తీసుకుంటున్నామన్నాడు. ఆయన మాటే నిజమైతే ఏమైనట్టు? పాటగాళ్ళు ముగ్గురూ పేరు దగ్గర తగువులాడుకుంటుంటే గంప కిందున్న డబ్బు కనపడకుండా పోయింది. ఇది మన కూలోళ్ళకి తెలిసిన లెక్కే. కళ్ళంలో మాలా మాదిగా ఎవరు ముందని వాదులాడుకుంటుంటే ధాన్యం బండి వెళ్ళిపోయేది కామందు ఇంటికే.

తెలుగునేల మీద ఈ కథకి తక్కువేం లేదు. గరిమెళ్ళ సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' అన్న సంగతి బడికెళ్ళిన ప్రతివాడూ వింటాడు. మంచిదే, వినాలి. అదే కాలంలో మన రాజమండ్రిలో దళిత కవి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని తిరుగుబాణం వేశాడు. తెల్లదొర పోయినా నల్లదొర పీకల మీద కూర్చుంటే స్వరాజ్యం ఎవరికని అడిగాడు. ఆయన పేరు మన పేటల్లోనే ఎంతమందికి తెలుసు?

2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో వినపడ్డ గొంతు కిన్నెర మొగిలయ్యది. సినిమా పేరుతో ఆ గొంతు ఊరూరా తిరిగింది. 2022లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో అదే మొగిలయ్య హైదరాబాద్ పక్కన ఇళ్ళు కట్టే చోట దినకూలీగా కనిపించాడు. మెడలో పతకం, చేతిలో తట్ట. ఇక్కడ పేరుంది, కూడు లేదు. అరివు దగ్గర పేరుకే పోరాటం. రెండూ దక్కితేనే న్యాయం.

"పాట అందరిదీ కదా మాస్టారూ, పేరు కోసం పట్టుబట్టడం స్వార్థం కాదా?" అని మంచి మనసున్నోళ్ళే అడుగుతారు. నేను తిరిగి అడుగుతాను. పొలం మాటొచ్చినప్పుడు పట్టాదారు పేరు ఎందుకు రాసుకుంటున్నారు? గుడి కట్టించిన దాత పేరు రాయి మీద ఎందుకు చెక్కుతున్నారు? మన సొత్తు దగ్గరికొచ్చేసరికే 'అందరిదీ' అన్న మాట ఎందుకు గుర్తొస్తుంది?

పేరుకున్న బలం ఎంతో కోనసీమ కళ్ళారా చూసింది. 2022 ఏప్రిల్ 4న మన జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు చేరుస్తామనగానే మే 24న అమలాపురం తగలబడింది. దళిత మంత్రి ఇంటికే నిప్పు పెట్టారు. రాజ్యాంగం కావాలి, దాని కింద ఉద్యోగాలు కావాలి, ఓటు కావాలి. రాయడానికి పూనుకున్న ఆయన పేరు మాత్రం బోర్డు మీద కనపడకూడదు! అది జరిగిన రెండు నెలలకే చెన్నైలో పాట కావాలి గానీ పాటగాడు లేకపోయినా ఫరవాలేదన్నట్టు వేదిక నడిచింది. అక్కడ నిప్పు లేదు, పూలదండలున్నాయి. అంతే తేడా. మన జిల్లా పేరు మాత్రం నిలబడింది. ఎందుకు నిలబడింది? మనం వెనక్కి తగ్గలేదు గనక.

బయటివాళ్ళని అడిగే ముందు మన ఇంట్లోనూ చూసుకోవాలి. మన సభల్లో పాటలు మారుమోగుతాయి. మన కరపత్రాల్లో వాటి కింద పేరు ఉండదు. ఊడ్పుల్లో ఒక అక్క కట్టిన పాటని మన కళాబృందం వేదికల మీద పాడుతుంది. ఆ అక్క పేరు మైకులో ఒక్కసారైనా వినపడదు. అరివు తన అవ్వ పేరు లోకానికి చెప్పాడు. మనం మన అవ్వల పేర్లు చెబుతున్నామా?

కాబట్టి సంఘాలోళ్ళు, పాటలు కట్టే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం పాట రాసిన క్షణాన్నే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా హక్కు పోదు. రాసిన మనిషి బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు వారసులకి ఉంటుంది. అయినా తేదీ వేసి, సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల ఎదట ఒక కాగితం రాసి ఉంచుకోండి. రేపు తగువొస్తే అదే మాట్లాడుతుంది.

రెండు. పాట హక్కులు అమ్మేసినా 'ఇది నేను రాశాను' అని చెప్పుకునే హక్కు మీదే. అదే చట్టంలో 57వ సెక్షను అది. పాడినోళ్ళకీ తమ పేరు చెప్పించుకునే హక్కు 2012 సవరణతో వచ్చింది.

మూడు. ఆ 2012 సవరణే ఇంకో మాట చెప్పింది. మాటలు రాసినవారూ, బాణీ కట్టినవారూ తమకు రావాల్సిన రాయల్టీలో సమాన వాటాని కంపెనీకి రాసిచ్చేయడానికి లేదు. రాయించుకున్నా ఆ రాత చెల్లదు. ఆ డబ్బు వసూలు చేసి పంచే సంఘం 1969 నుంచి ముంబైలో ఉంది, ఐపీఆర్ఎస్ అంటారు. పాటలు బయటికిచ్చేవాళ్ళు అందులో సభ్యులుగా చేరాలి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. చదవడం రాకపోతే చదివినోళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. మన పిల్లల్ని చదివించింది ఇందుకే.

నాలుగు. ఇకనుంచి ఏ సభలో పాట ఎత్తుకున్నా ముందు పేరు చెప్పాలి. రాసిందెవరు, ఏ ఊరు, ఏ పేట. ఎవరు కట్టారో తెలియని పాత పాటైతే ఏ పేట ఆడవాళ్ళ నోట విన్నామో ఆ పేట పేరు చెప్పాలి. దీనికి చట్టం అక్కర్లేదు, ఖర్చూ లేదు.

మన డప్పు కావాలి, మన గొంతు కావాలి, మన ఏడుపు కూడా కావాలి, మన పేరు మాత్రం వద్దంటే ఇక కుదరదు. పాట ఎక్కడికి వెళ్తే పేరు అక్కడికి వెళ్ళాలి. పేరుతో పాటు కూలి ఇంటికి రావాలి.

జై భీమ్!