కాజాకు పట్టిన తామర

వానాకాలంలో పప్పులు పురుగు పట్టకుండా ఎలా దాచుకోవాలో ఈ వారం రాస్తానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు సోదరీమణులు క్షమించాలి. రెండు నెలలుగా నా బుర్రలో పప్పులూ లేవు, పురుగులూ లేవు. మా ఎదురింటి గినీ పందులు ఉన్నాయి. పైగా ఆ కథలో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది చెప్పుకుంటేగాని నా మనసు కుదుటపడదు. విన్నవాళ్లకూ కాస్త ఉపయోగం ఉంటుంది.

మాది రామచంద్రపురం. కాలవల నడుమ ఊరు. శ్రావణమాసం వచ్చిందంటే ఆరేసిన దుప్పటి మూడు రోజులకుగాని ఆరదు. గోడలకు చెమ్మ, మూలనున్న చెప్పులకు బూజు. ఎదురింటి అబ్బాయికి ఎనిమిదేళ్లు. పరీక్షలు బాగా రాశాడని వేసవిలో వాళ్ల నాన్న కాకినాడ నుంచి రెండు గినీ పందులను తెచ్చి ఇచ్చాడు.

పేరు విని పందులనుకునేరు! గినీ దేశానికీ వీటికీ సంబంధం లేదు, పంది జాతికి అంతకన్నా లేదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద మనుషులు వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసుకున్న జీవాలివి. ఎలుకకూ ఉడతకూ దూరపు చుట్టాలు. జానెడు పొడవు, తోక లేదు. గరిక కట్ట కనబడితే చాలు, కీచుకీచుమని ఇల్లు ఎగరగొడతాయి. గోధుమరంగు దానికి కాజా అనీ, తెల్లదానికి కోవా అనీ అబ్బాయి పేర్లు పెట్టుకున్నాడు. తాపేశ్వరానికి ఇంత దగ్గర్లో పుట్టినవాడికి ఇంకేం పేర్లు తోస్తాయి!

ఆగస్టు మొదట్లో కాజా ముక్కు పక్కన రూపాయి కాసంత మేర వెంట్రుకలు ఊడిపోయాయి. అక్కడ చర్మం పొట్టు రేగినట్టుంది. రెండోది ఎప్పుడో కరిచి ఉంటుందనుకున్నారు. వారం తిరక్కుండా కంటి చుట్టూ అలాగే అయింది. ఆ వెనకే అబ్బాయి ముంజేతి మీద ఎర్రటి వలయం లేచింది. అంచు ఉబ్బి, మధ్యలో మామూలు చర్మం. వాళ్లమ్మ వాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"పిన్నిగారూ, వీడి చెయ్యి ఒకసారి చూడండీ. ఒకటే దురదంటున్నాడు."

"తామరే! దీనికింత కంగారెందుకూ? మా ఇంట్లో ఆయింటుమెంటు ఉంది. నాలుగు రోజులు రాయి, మాయమైపోతుంది" అన్నాను. ఆ గొట్టం నేను మందుల షాపులో చీటీ లేకుండా కొన్నదే.

"మరి కాజాకో?" అన్నాడు అబ్బాయి.

"దానికీ అదే రాయి" అన్నాను, ధన్వంతరి చెల్లెల్లాగా.

నిజంగానే నాలుగు రోజుల్లో ఎరుపు పోయింది, దురద పోయింది. "మీ చెయ్యి మంచిదండీ పిన్నిగారూ" అంటే పొంగిపోయాను. మూడోవారానికి నా చేతి మహిమ బయటపడింది. అబ్బాయికి మోచేయి దాటి భుజం దాకా వలయాలు. వాళ్లమ్మ మెడ మీద ఒకటి. కాజా వీపు సగం బోడి. కోవా చెవుల వెనక కూడా మొదలైంది.

ఇక వాళ్ల నాయనమ్మగారు ఊరుకోలేదు. "ఒదినగారూ, ఇంటిల్లిపాదికీ అంటించాయండి. రేపు పొద్దున్నే కాలవగట్టు మీద వదిలేయించేస్తాను. పీడ విరగడవుతుంది" అన్నారు. ఆవిడది కఠినమైన మనసు కాదు. కోడలి మెడా, మనవడి చెయ్యీ చూసి బెంబేలెత్తిపోయారు.

ఆ సాయంత్రం అబ్బాయి మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అంత ఉక్కలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఉన్నాడు. బడిలో ఎవరికీ కనబడకుండా వారం రోజులుగా అదే వేస్తున్నాడట.

"మామ్మగారూ, నాక్కూడా వచ్చింది కదండీ. మరి నన్నూ కాలవగట్టు మీద వదిలేస్తారా?"

నాకు నోట మాట రాలేదు. వాళ్ల నాయనమ్మగారి దగ్గరకు వెళ్లి ఒక్కరోజు గడువు అడిగాను. మర్నాడు కాజానీ కోవానీ కూరల బుట్టలో గడ్డి వేసి కూర్చోబెట్టి, తల్లీ కొడుకులతో కలిసి బస్సులో కాకినాడ వెళ్లాను. అక్కడ చిన్న జంతువులను చూసే పశువైద్యుడు ఒకరున్నారు.

ఆయన కాజా వీపు మీద బోడి మచ్చ అంచు నుంచి నాలుగు వెంట్రుకలు పీకారు. గాజు పలక మీద పెట్టి, ఒక మందుచుక్క వేసి, కాసేపాగి సూక్ష్మదర్శినిలో చూశారు. అబ్బాయిని పిలిచి వాడికీ చూపించారు. వెంట్రుకను అంటిపెట్టుకుని సన్నని పూసలు గుచ్చినట్టు కనబడిందట వాడికి.

"ఇంగ్లీషువాళ్లు దీని పేరులో పురుగును పెట్టారుగాని, ఇందులో పురుగు లేదురా అబ్బాయీ. ఇది బూజు" అన్నారాయన. మీ చెప్పుల మీద పెరిగేలాంటిదే ఒక జాతి శిలీంధ్రం చర్మం మీదా, వెంట్రుకల్లోనూ, గోళ్లలోనూ కాపురం పెడుతుందన్నమాట. 1840లలోనే పారిస్‌లో డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు ఇటువంటి రోగాలకు మూలం బూజేనని సూక్ష్మదర్శినితో చూపించాడు. గినీ పందులకు ఎక్కువగా వచ్చేది ట్రైకోఫైటన్ అనే జాతి. ముందు ముక్కు, కళ్లు, చెవులు, ఆ తరవాత వీపు. కొన్నింటికి పైకి ఏమీ కనబడకపోయినా ఒంటి మీద బూజు ఉంటుంది. ఎత్తుకుని ముద్దాడే పిల్లలకు అంటుతుంది.

తరవాత ఆయన రాసిన మందేమిటో చూపించమన్నారు. గొట్టం ఇచ్చాము. వెనక అచ్చువేసిన చిన్న అక్షరాలు చదివి, "ఇది ఎవరిచ్చారు?" అన్నారు.

"నేనేనండి" అన్నాను. దాచి లాభమేముంది?

ఆయన కోప్పడలేదు. అందులో బూజును చంపే మందుతోపాటు క్లోబెటసాల్ అనే ఘాటైన స్టిరాయిడ్ కూడా కలిసి ఉందన్నారు. ఎరుపూ దురదా మన ఒళ్లు బూజుతో చేసే పోట్లాటకు గుర్తులు. స్టిరాయిడ్ ఆ పోట్లాటను ఆపేస్తుంది. పైకి తగ్గినట్టే ఉంటుంది, లోపల బూజు హాయిగా పాకిపోతుంది. కాపలా కుక్కను కట్టేసి దొంగకు తలుపు తీసినట్టన్నమాట. గినీ పంది సంగతి మరీ అన్యాయం. ఒంటికి రాసినదంతా అది నాకేస్తుంది కనుక ఆ మందు కడుపులోకీ పోతుంది.

ఇది మా వీధి కథ ఒక్కటే కాదు. ఈ కలగలుపు పూతమందుల వాడకం మన దేశంలో ఎంత పెరిగిందంటే, 2018లో ప్రభుత్వం అనేక స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చవలసి వచ్చింది. మందులకు లొంగని మొండి తామర మనుషుల నుంచి మనుషులకు పాకుతోంది. అందులో ఒక రకానికి 2020లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ట్రైకోఫైటన్ ఇండోటినియే. మన దేశం పేరే దానికి తగిలించారు! పేరు తెచ్చుకోవడానికి మనకు ఇంతకన్నా మంచి దారులు లేవా?

ఇక వైద్యం సంగతి. పశువైద్యుడు రెండింటినీ తూచి, బరువును బట్టి ఇట్రాకొనజోల్ అనే ద్రవమందు నోట్లో పొయ్యమన్నారు. పైన పూయడానికి స్టిరాయిడ్ లేని మందు ఇచ్చారు. "ఎన్నాళ్లండీ?" అంటే ఐదారు వారాలన్నారు. నేను గుడ్లు తేలేశాను. అంత కాలం ఎందుకో ఆయన చెప్పిన తీరు నాకు నచ్చింది. వెంట్రుకలో దూరిన బూజుకు పూతమందు సరిగా అందదు. నోటి ద్వారా ఇచ్చిన మందు చర్మంలోకీ, కొత్తగా పుట్టే వెంట్రుకలోకీ చేరి బూజును అక్కడ నిలవనివ్వదు. పాత వెంట్రుక, పాత పొట్టు రాలిపోయినకొద్దీ రోగమూ రాలిపోతుంది. వెంట్రుకను తొందరపెట్టగలమా?

ఇంటికి వచ్చాక ఈ విషయం మీద చదువుతూంటే ఒక సంగతి తెలిసింది. ఒకప్పుడు పిల్లల తలకు తామర వస్తే ఎక్స్‌రే కిరణాలు పెట్టి జుట్టంతా రాలగొట్టేవారు. 1958లో గ్లాస్గోలో జె.సి. జెంటిల్స్ అనే శాస్త్రజ్ఞుడు కొన్ని జంతువులకు కావాలని తామర అంటించి, గ్రిసియోఫుల్విన్ అనే మందును నోటి ద్వారా ఇచ్చి చూశాడు. తగ్గింది. ఆ మందును 1939లోనే ఒక బూజు నుంచి తీశారుగాని, మింగితే తామర పోతుందని ఎవరికీ తెలియదు. జెంటిల్స్ ప్రయోగం తరవాత అదే ఏడాది మనుషులకూ వాడారు. ఎక్స్‌రేల బాధ క్రమంగా తప్పింది. ఆ జంతువులు ఏవనుకున్నారు? గినీ పందులే!

మర్నాడు ఈ ముక్క నాయనమ్మగారికి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అయితే మనం వాటికి బాకీ అన్నమాట" అన్నారు చివరికి. అప్పుడు రెండో సంగతి కూడా చెప్పాను. వీటిని గట్టు మీద వదిలేస్తే పిల్లికో కుక్కకో ఒక పూటలో బలి అవుతాయి. తామర మాత్రం ఇంట్లోనే ఉంటుంది. రాలిన వెంట్రుకల్లో, గోనెపట్టాలో, దుప్పట్లో ఆ బూజు విత్తులు నెలల తరబడి బతికి ఉంటాయి. పీడ ఉన్నది గూట్లో, మన అజాగ్రత్తలో.

ఆ పూటే పని మొదలుపెట్టాము. ఇలాంటి అవసరం పడినవాళ్లకు పనికొస్తుందని క్రమంగా రాస్తున్నాను.

గూటిలో పరిచిన గోనెపట్టా, వరిగడ్డి, చెక్కపెట్టె పారేశాము. జంతువులను దూరంగా ఉంచి, గూటిని ముందు సబ్బుతో తోమి, బట్టల బ్లీచు ఒక వంతుకు పదివంతుల నీళ్లు కలిపి పూసి, పది నిమిషాలు తడిగా ఉంచి, శుభ్రంగా కడిగి ఎండబెట్టాము. వారానికి రెండుసార్లు ఇదే పని. కింద పాత వార్తాపత్రికలు పరిచి రోజూ మార్చాము. రెండింటిలో ఒకదానికే మచ్చలున్నా రెండింటికీ వైద్యం చెయ్యాలి. పట్టుకునేటప్పుడు రబ్బరు తొడుగులు, ఆ తరవాత సబ్బుతో చేతులు. పిల్లవాడి బట్టలు వేడినీళ్లలో వేరే ఉతకాలి. తువాలు ఎవరిది వారికే. తల్లినీ పిల్లవాణ్ణీ చర్మవైద్యుడు వేరే చూసి వేరే మందు ఇచ్చారు. జంతువు మందు మనిషికీ, మనిషి మందు జంతువుకూ వాడరాదు.

మరో మూడు జాగ్రత్తలు. గినీ పందికి వెంట్రుకలు ఊడితే అంతా తామర కాదు. పిచ్చెత్తినట్టు గోక్కుంటూంటే కంటికి కనబడని పురుగు వల్ల వచ్చే గజ్జి కావచ్చు. దాని మందు వేరు. అందుకే పరీక్ష ముఖ్యం. రెండు, మనలాగే వీటి ఒళ్లు కూడా సి విటమిను తయారు చేసుకోలేదు. అది తక్కువైతే రోగాన్ని తట్టుకోలేవు. గరికతోపాటు కొత్తిమీరా, చిన్న జామకాయ ముక్కా పెట్టడం మంచిది. మూడు, ఇంట్లో మిగిలిన పెన్సిలిన్ జాతి బిళ్లలు పొరపాటున కూడా వెయ్యకూడదు. వాటి పొట్ట తట్టుకోలేదు, ప్రాణానికే ముప్పు.

నాలుగోవారానికి కాజా వీపు మీద నూగు మొలిచింది. ఆపేద్దామా అంటే పశువైద్యుడు వద్దన్నారు. జుట్టు మొలవడం వేరు, బూజు పోవడం వేరు. మళ్లీ వెంట్రుకలు పరీక్ష చేసి, లేదన్నాకే ఆరోవారం ఆపించారు. తల్లి మెడ శుభ్రపడింది. అబ్బాయి పొట్టి చేతుల చొక్కా తొడుక్కుని బడికి వెళుతున్నాడు. కాని నా ఆయింటుమెంటు పూసిన చోట వాడి ముంజేతి చర్మం ఇంకా పలచగా, పాలిపోయినట్టు ఉంది. కొన్ని నెలలు పట్టవచ్చునన్నారు డాక్టరుగారు. వాడు ఎదురుపడి "మామ్మగారూ" అన్నప్పుడల్లా నా కళ్లు ముందు ఆ చేతి మీదకే పోతాయి.

నాయనమ్మగారు రోజూ పొద్దున్నే వాకిట్లో కూర్చుని గరిక ఏరుతున్నారు. "వినాయకుడికా అండీ?" అని నిన్న అడిగాను. "ఆయనకు కొంతండి, బాకీలవాళ్లకు కొంత" అన్నారు.

మీ బీరువాలో కూడా పేరు తెలియని గొట్టం ఒకటి ఉండే ఉంటుంది. ఈ పేజీ ముడిచేలోగా వెళ్లి దాని వెనకనున్న చిన్న అక్షరాలు చదవండి. పప్పుల సంగతి వచ్చేవారం తప్పకుండా రాస్తాను.