తిరిగొచ్చినవాడికీ పాయింట్లుండాలి

మన గరివిడికి సముద్రమూ లేదు, లంకా లేదు. ఉన్నవల్లా మాంగనీసు గనులు. మరి పడవల గొడవ మనకెందుకంటారా? వచ్చే సెలవుల్లో మన కుర్రాళ్లు కొందరు విజయవాడ వెళ్లి, కృష్ణలో భవానీ ద్వీపాన్ని కయాక్ మీద చుట్టొస్తారట. చుట్టుకి ఇన్ని పాయింట్లని పందెం! దీవులు చుట్టి పాయింట్లు కూడబెట్టే సరదా విదేశాల్లో ఉన్నదే.

ఉత్సాహం మెచ్చుకోదగిందే. నా పేచీ అంతా ఆ లెక్కతోనే.

ఏటి మధ్య లంకని చుట్టడమంటే సగం దారి వాలు, సగం దారి ఎదురీత. వాలున హాయిగా పోయినవాడు, రెక్కలు అలిసాక ఏటికి ఎదురు తెడ్డు వెయ్యాలి. తెలిసినవాడు ఎదురీతే ముందు ముగిస్తాడు. ఈ తెలివికి పాయింట్లు లేవు! గాలి లేచిందని సగంలో తిరిగొచ్చినవాడికి సున్నా. అలాగైతే ఎవడు తిరుగుతాడు, చెప్పండి?

కృష్ణ ఎప్పుడూ ఒక్కలా ఉండదు. 2024 సెప్టెంబరు 1న, వరదకి కొట్టుకొచ్చిన పెద్ద పడవలే ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దేశాయి. ఈ ద్వీపం ఆ బ్యారేజీకి ఎగువనే ఉంది. ఇక కయాక్ ఒక లెక్కా?

కనుక మిత్రులారా, నా సూచన ఇది: ఆడైనా మగైనా ముందు ఈత నేర్చుకోవాలి. లైఫ్ జాకెట్ లేనిదే పాయింట్లు లేవు. ఒంటరిగా ఎవరూ పోరాదు. ప్రమాదం కనిపెట్టి తిరిగొచ్చినవాడికి, చుట్టొచ్చినవాడితో సమానంగా పాయింట్లివ్వాలి.

పిరికితనమని నవ్వేవాళ్లుంటే నవ్వనివ్వండి. పందెం మళ్లీ పెట్టుకోవచ్చు. మనిషిని మళ్లీ తెచ్చుకోలేం.