'వస్తారులే' అనే ముందు అడగాల్సినవి

ఇంట్లోంచి వెళ్లిన మనిషి తిరిగి రాలేదని పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తిన వాళ్లకు తరచూ ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. 'బంధువుల ఇళ్లలో వెతికారా?', 'ఇది మా పరిధిలోకి రాదు', 'రేపటిదాకా చూడండి, వస్తారులే'. పిల్లల విషయంలో ఇలా అనడానికి ఇప్పుడు వీల్లేదు. పిల్లలు కనబడలేదని ఫిర్యాదు వస్తే అపహరణో, అక్రమ రవాణానో జరిగిందనే భావించి ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పద్దెనిమిదేళ్లు నిండితే ఆ రక్షణ లేదు. ఇక ఆ మనిషి కోసం ఎంత త్వరగా వెతుకుతారన్నది డ్యూటీలో ఉన్న అధికారి అంచనాను బట్టి ఉంటుంది.

ఆ అంచనాలు ఎలా ఉంటాయో తెలుగువాళ్లు మరచిపోలేరు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలు కనబడకుండా పోతే, ఆమె కుటుంబానికి ముందుగా ఎదురైంది పరిధి ప్రశ్నే. ఎవరితోనో వెళ్లి ఉంటుందన్న మాట కూడా పడ్డామని వాళ్లు చెప్పారు. మర్నాడు చటాన్‌పల్లి వద్ద ఆమె మృతదేహం దొరికింది. ఒక ఎస్ఐ, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు. వెంటనే కదిలి ఉంటే ఆమె దక్కేదో లేదో చెప్పలేం. కానీ ప్రాణాలతో దక్కే అవకాశమున్న మనిషి ఇంటివాళ్లకూ ఇవే మాటలు చెబితే ఆ అవకాశం పోతుంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత జీరో ఎఫ్ఐఆర్‌ను చట్టంలోకి తెచ్చింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయాల్సిందే. చిక్కేమిటంటే, పెద్దవాళ్లు కనబడకపోవడం దానంతటది నేరం కాదు. నేరం జరిగిందో లేదో తేలేది వెతికాకే. నేరమని తేలితే తప్ప గట్టిగా వెతకకపోతే, తేలేసరికి చేయగలిగింది మిగలదు. చాలాచోట్ల సీసీ కెమెరాల రికార్డు కొద్దిరోజులకే చెరిగిపోతుంది. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే లొకేషన్ దొరకదు.

అందుకే నేరముందా అని కాక, ప్రమాదముందా అని ముందు అడగాలి. మతిమరుపు జబ్బు ఉందా? పూట తప్పకూడని మందులున్నాయా? చనిపోతానని ఎవరితోనైనా అన్నారా? ఇంట్లో కొట్టేవాళ్లున్నారా? అప్పులవాళ్లు బెదిరిస్తున్నారా? ఇదివరకెప్పుడైనా ఇలా చెప్పకుండా వెళ్లారా? బ్రిటన్ పోలీసులు ఇలా అడిగి ప్రతి ఫిర్యాదునూ ప్రమాద స్థాయిని బట్టి వర్గీకరిస్తారు. మన దగ్గర ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలు తలో ఉత్తర్వు ఇస్తే చాలు. ప్రమాదం తక్కువని నిర్ణయించిన అధికారి కారణం రాసి, సంతకం చేసి, నకలు కుటుంబానికి ఇవ్వాలి.

దొరికిన మనుషుల విషయంలోనూ ఈ శ్రద్ధ కావాలి. దిక్కులేక తిరుగుతున్న మానసిక రోగి కనిపిస్తే మిస్సింగ్ ఎఫ్ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతికే బాధ్యత స్టేషన్ అధికారిదేనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్ చెబుతోంది. ఒక జిల్లాలో తప్పిపోయిన పెద్దాయన మరో జిల్లా మార్చురీలో 'గుర్తుతెలియని మృతదేహం'గా పడి ఉండకూడదంటే, ఫిర్యాదుల వివరాలను మార్చురీ, రైల్వే పోలీసుల రికార్డులతో రోజూ సరిచూడాలి.

తమ ఇష్టంతోనే వెళ్లినవాళ్లూ ఉంటారు. హాదియా కేసులో 2018లో సుప్రీంకోర్టు పెళ్లి విషయంలో వయోజన మహిళ ఎంపికను గౌరవించింది. కాబట్టి వెతకడమంటే పట్టుకొచ్చి ఇంట్లో అప్పగించడం కాదు. మనిషి క్షేమమని నిర్ధారించుకోవాలి. ఆ మనిషి వద్దంటే చిరునామా చెప్పకుండా, క్షేమమన్న కబురు మాత్రమే ఇంటికి అందించాలి. కొట్టే భర్త ఇచ్చిన ఫిర్యాదు భార్యను వెనక్కి ఈడ్చే తాడు కాకూడదు.

2019 నుంచి 2021 వరకు మూడేళ్లలో దేశంలో పద్దెనిమిదేళ్లు దాటిన మహిళలే 10,61,648 మంది కనబడకుండా పోయారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. వీళ్లలో ఇష్టపడి వెళ్లిందెవరో, ఆపదలో పడిందెవరో స్టేషన్‌లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. తెలియనప్పుడు ఆపదలో ఉన్నారనుకునే కదలాలి. ఆ అనుమానం తప్పని తేలితే పోలీసులకు పోయేది కొన్ని గంటల శ్రమ మాత్రమే.