ఆ నవలకు ‘వివేక చంద్రిక’ అన్న పేరే సరైంది

కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ మీలో చాలామంది చదివే ఉంటారు. 1878లో ఆయన పత్రిక వివేకవర్ధనిలో మొదలై, 1880లో పుస్తకంగా వచ్చిన నవల. దానికి ‘వివేక చంద్రిక’ అని రెండో పేరు ఉంది. 1887లో హచిన్సన్ అనే ఆయన ఇంగ్లీషులోకి అనువదించి ‘ఫార్చ్యూన్స్ వీల్’ అన్నాడు, అంటే అదృష్ట చక్రం. ఈ మూడింటిలో నా ఓటు ‘వివేక చంద్రిక’కే. ఎందుకో చెప్తాను.

కథ గుర్తు చేసుకోండి. ధవళేశ్వరంలో రాజశేఖరుడు కలిగినవాడు. చుట్టూ పొగిడేవాళ్ళు చేరారు. బంగారం చేసిపెడతానన్న బైరాగిని నమ్మాడు. వాడు ఉన్నది కాస్తా పట్టుకుపోయాడు. డబ్బు పోగానే పొగిడిన నోళ్ళూ పోయాయి. చివరికి భార్య మాణిక్యాంబను, పిల్లలను వెంటబెట్టుకుని ఊరు వదిలాడు.

ఇందులో చక్రం ఎక్కడ తిరిగిందమ్మా? వరద రాలేదు, కరువు రాలేదు. ఇంటి పెద్ద తన చేతులతో తానే తీసి ఇచ్చాడు. దాన్ని అదృష్టం అంటే ఆయన తప్పును గ్రహాల ఖాతాలో రాసినట్టే.

మా నారాయణఖేడ్‌లోనూ ఈ మాట వినబడుతుంది. ఎవరో చెప్పిన స్కీములో పైసలు పెడతారు. ఇంట్ల ఆడమనిషి “ఎందుకండీ, జర ఆలోచించండి” అంటే “నీకేం తెలుసు” అంటారు. పైసలు మునిగి, ఆమె మెడలోది గిర్వికి పోయాక “ఏం చేస్తం, టైం మంచిగ లేదు” అంటారు. టైంను అంటే తిరిగి మాట్లాడదు కదా!

‘రాజశేఖర చరిత్రము’ అన్న పేరుతోనూ నాకు పేచీ ఉంది. పేరు ఆయనది, కష్టం అందరిది. పెద్ద కూతురు రుక్మిణి, భర్త పోయాడన్న అబద్ధపు వార్తకు ఎంత ఏడ్చింది! చిన్నది సీతను ఎత్తుకుపోయారు. మరి ఇది ఒక్క రాజశేఖరుడి చరిత్ర ఎలా అవుతుంది?

“చివరికి రాజుగారి దయ వల్ల అంతా బాగుపడిందిగా, అది అదృష్టం కాదా?” అని అడగొచ్చు. నిజమే, కథలో రాజు వచ్చాడు. మన ఇళ్ళకు ఏ రాజూ మారువేషంలో రాడు. అందుకే ఆ ముగింపును నమ్ముకుని బతకలేం. కథలోంచి మనం ఇంటికి తెచ్చుకోగలిగింది వివేకం ఒక్కటే.

“వివేక చంద్రిక అంటే నీతి పాఠంలా ఉంది, ఎవరు కొంటారు?” అని ఇంకో మాట. ఉండనీయండి. చంద్రిక అంటే వెన్నెల. వెన్నెల్లో దారి పగటిలా కనబడదు, కానీ ముందున్న గొయ్యి మాత్రం తెలుస్తుంది. ఆ బైరాగి గుమ్మంలోకి వచ్చిన రోజున ఆ ఇంటికి కావలసింది అంత వెలుతురే.

మీ పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ పేరుతోనే చెప్పండి. ముఖ్యంగా మగపిల్లలకు.