ఐపీ అంటే అడ్రసొక్కటే కాదండోయ్!

మన ఆఫీసుల్లో ఐపీ అంటే గుర్తొచ్చేది నాలుగు అంకెలూ మధ్యలో చుక్కలూ. అదే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బజార్లలో "ఫలానా ఆయన ఐపీ పెట్టిండట" అంటే అర్థం వేరు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ వేశాడని, అంటే చేతులెత్తేశాడని! ఆ మాట చెవిన పడగానే చీటీ కట్టినవాళ్ళూ, ధాన్యం డబ్బులు రావాల్సిన రైతులూ, చేబదులిచ్చిన చుట్టాలూ ఆ ఇంటికి పరిగెడతారు.

ఇక తీర్పంటారా, అది ఎప్పుడూ రెడీయే. "ఐపీ పెట్టినోడు దొంగ." ఊళ్ళో అరుగుల మీదే కాదు, మన కెఫెటేరియాల్లోనూ ఇదే మాట. నేనైతే ఒప్పుకోను.

దొంగలు లేరనట్లేదు. ఆస్తులన్నీ భార్య పేరునో బావమరిది పేరునో రాసేసి కోర్టుకెళ్ళే ఘనులున్నారు. కానీ వాళ్ళ సంగతి చట్టానికి తెలియంది కాదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం ప్రకారం దివాలా పిటిషన్‌కి ముందు రెండేళ్ళలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని వెనక్కి లాగొచ్చు. మోసం రుజువైతే ఏడాది దాకా జైలు. దొంగని పట్టుకోడానికి కావల్సిన సరంజామా అంతా అందులో ఉంది. లేనిదల్లా నిజాయితీగా కడతానన్నవాడికి ఓ దారి.

మా టీములో మిర్యాలగూడ వైపు కుర్రాడు ఒకడున్నాడు. ఇంట్లో వ్యాపారం దెబ్బతింటే తన పేరు మీద నాలుగు పర్సనల్ లోన్లు తీసుకున్నాడు. ఇప్పుడు రోజూ ఫోన్లే. మొన్న వాడన్న మాట: "కట్టనని నేనెప్పుడన్నరా? నెలకి పదిహేను వేలు తీస్కోమన్న. ఒక్కొక్కడు ముందు నాకే కట్టమంటడు." వాడి సమస్య మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. కట్టేవాడు ఒక్కడు, లాగేవాళ్ళు పదిమంది, పంచిపెట్టే పెద్దమనిషి లేడు.

ఆ పెద్దమనిషి పని చట్టం చెయ్యాలి. మన 1920 చట్టం ఎలా ఉందో చూడండి. 500 రూపాయల అప్పుంటే పిటిషన్ వేసుకోవచ్చు. మామూలు అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాలైనా ఆస్తి లేకపోతే, అది తన తప్పు వల్ల కాదని కోర్టుని ఒప్పించాలి, లేదంటే పూర్తి విముక్తి ఇవ్వరు. 1957లో నయా పైసలొచ్చి అణాలు పోయాయి గానీ ఈ చట్టంలో మాత్రం పదిలంగా ఉన్నాయి! అందులోనే 41వ సెక్షన్ ఓ మంచి మాట చెప్తుంది. ఇకముందు వచ్చే సంపాదన మీద షరతు పెట్టి కోర్టు విముక్తి ఇవ్వొచ్చట. ఎంత శాతం, ఎన్నేళ్ళు అన్న లెక్క మాత్రం రాయలేదు.

బయట దేశాల్లో ఈ లెక్క రాసిపెట్టారు. అమెరికాలో చాప్టర్ 13 కింద ఖర్చులు పోను మిగిలే ఆదాయం లోంచి మూడు నుంచి అయిదేళ్ళు కట్టాలి. కెనడాలో ఓ హద్దు దాటిన ఆదాయంలో సగం కట్టాలి.

మనకీ 2016లో దివాలా కోడ్ వచ్చింది. అందులో మామూలు మనుషులకి కూడా రీపేమెంట్ ప్లాన్ ఉంది. విలువలో నాలుగింట మూడొంతుల కన్నా ఎక్కువ అప్పులవాళ్ళు ఒప్పుకుంటే అందరూ దానికి కట్టుబడాలి. బావుంది కదా? కానీ 2019 డిసెంబరు 1న కంపెనీల అప్పులకి హామీ ఉన్నవాళ్ళ వరకే దాన్ని అమల్లోకి తెచ్చారు. మా టీము కుర్రాడిలాంటి వాళ్ళ భాగం పుస్తకంలోనే ఉండిపోయింది.

"ఇలా అయితే అందరూ ఎగ్గొడతారు బాస్" అంటారు కొందరు. సరే, లెక్క చూద్దాం. కోర్టు డిక్రీ ఉన్నా జీతంలో మొదటి 1,000 రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులూ జప్తు చెయ్యకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెప్తుంది. ఆ కొలతే తీసుకుందాం. 40,000 జీతగాడి దగ్గర నెలకి 13,000 వస్తుంది. అయిదేళ్ళకి 7,80,000. అతనికి మొత్తం అప్పు 12 లక్షలనుకోండి. వడ్డీ ఆపి అందరికీ వాటా ప్రకారం పంచితే రూపాయికి 65 పైసలు. చట్టం అడిగే ఎనిమిది అణాల కన్నా ఎక్కువే! లక్ష చేబదులిచ్చిన కోదాడ చుట్టానికి 65,000 చేతికొస్తాయి. మరి ఇప్పుడో? ముందు డిక్రీ తెచ్చుకున్నవాడు జీతం పట్టుకుంటాడు, వకీలుని పెట్టుకోలేని చుట్టం నోట్లో మట్టే.

వ్యాపారికి జీతం ఉండదు కదా అంటారా? అందుకే నెలవారీ ఈఎంఐ కాకుండా ఆదాయంలో శాతం అంటున్నాను. సీజన్లో మిల్లు ఆడితే ఎక్కువ కడతాడు, ఆడనప్పుడు తక్కువ.

జైలు భయం పెడితే వసూలవుతుందనేవాళ్ళకి ఒక మాట. నిజంగా కట్టలేనివాణ్ణి అప్పు కోసం జైల్లో పెట్టకూడదని 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఇక మిగిలింది పరువు తీయడమొకటే. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వాళ్ళు చేసింది అదే. ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజీలు పెట్టారు. తెలంగాణలో ప్రాణాలు పోయాయి. పోయినవాడి దగ్గర ఎవరికి ఎంత వసూలైందంట?

కాబట్టి కేంద్రం చెయ్యాల్సింది ఇది. 2016 కోడ్‌లో మామూలు మనుషుల భాగాన్ని అమల్లోకి తేవాలి. ఆదాయంలో ఎంత శాతం, ఎన్నేళ్ళు అన్నది స్పష్టంగా రాయాలి. పూర్తి మాఫీకి పెట్టిన 60,000 వార్షికాదాయం, 35,000 అప్పు హద్దులు ఈ రోజుల్లో ఎవరికి పనికొస్తాయి? వాటిని పెంచాలి.

అప్పటిదాకా మీకు బాకీ ఉన్నవాడు ఐపీ పెడితే వాడింటి మీదకి వెళ్ళకండి, కోర్టుకి వెళ్ళండి. మీ బాకీ రుజువు చేసుకోండి. రెండేళ్ళలో ఎవరి పేరున ఏం రాశాడో అడగండి. దాచింది ఏమీ లేకపోతే 41వ సెక్షన్ కింద సంపాదనలో వాటా ఇప్పించమని అడగండి. దొంగ అన్న ముద్ర వేసి ఊళ్ళోంచి తరిమేస్తే వాడి సంపాదనా పోతుంది, దాంతోపాటే మీ డబ్బూ పోతుంది.