పదును కొలిచే సెన్సర్ ఎవరి చేలో పాతుతారు?

గుత్తి చుట్టుపక్కల మెట్ట పొలాల్లో వాన పడిన మర్నాడు రైతు చేసే మొదటి పని ఒకటే. చేలోకి వెళ్లి జానెడు లోతు తవ్వి, మట్టిని గుప్పిట్లో పిసికి చూడటం. ముద్ద కడితే గొర్రు కట్టాలి, పొడిపొడిగా రాలితే ఇంకో వాన దాకా ఆగాలి. వేరుశెనగ విత్తనం ఖరీదైనది. పదును చాలక మొలక మాడిపోతే రెండోసారి విత్తనం కొనగలిగేది ఎవరో, కొనలేనిది ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు.

ఆ గుప్పెడు మట్టి చెప్పే మాటను ఇక సెన్సర్ చెబుతుందంటున్నారు. నేలలో పాతిన కడ్డీ తేమను కొలుస్తుంది. దానికున్న చిన్న రేడియో ఆ అంకెను పక్క పరికరానికి, అది మరోదానికి అందిస్తుంది. చివరి పెట్టె నుంచి మొబైల్ సిగ్నల్ మీద సర్వర్‌కు చేరుతుంది. కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 2న 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. పొలాన్ని అంకెల్లోకి మార్చడం ఇప్పుడు ప్రభుత్వ విధానం. యంత్రాన్ని మేము వద్దనడం లేదు. దాన్ని ఎవరి చేలో పాతుతారు, అంకె ఎవరి ఫోనుకు వస్తుంది, ఆ అంకెను చూసి ఇచ్చే పరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది అని అడుగుతున్నాం.

ఇది మన నేలకు కొత్త ప్రయోగమేమీ కాదు. అనంతపురం సీమను ఆనుకుని, తెలుగు బాగా వినిపించే కర్ణాటక తాలూకా పావగడ. ఇరవై ఏళ్ల కిందటే బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ కలిసి అక్కడి చెన్నకేశవపురలో ‘కామన్‌సెన్స్ నెట్’ పేరుతో వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాయి. వానాధార వేరుశెనగ పండించే పేద రైతు కోసమే ఆ పని తలపెట్టారు. ముందుగా రైతులకు ఏ సమాచారం కావాలో వాళ్లనే అడిగారు. తర్వాత వచ్చిన చాలా పథకాలు ఆ మాత్రం కూడా అడగలేదు. అయినా అంకెలు ముందు చేరింది బెంగళూరు సర్వర్‌కు, పంట నమూనాలు నడిపే శాస్త్రవేత్తలకు. వాన మీదే బతికే రైతుకు తేమ తగ్గిందని తెలిస్తే చేసేదేముంది? తడి పెట్టడానికి బోరు ఉండాలి కదా!

గుత్తికి ఉత్తరాన కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ మరో దారి పట్టాయి. పొలంలో ఏ పరికరమూ పెట్టకుండా, పాత వాతావరణ లెక్కలు చూసి, ఎప్పుడు విత్తాలో 175 మంది రైతుల మామూలు ఫోన్లకు తెలుగులో మెసేజీలు పంపాయి. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ప్రకటించాయి. సలహా చవకగా అందించవచ్చని అది చూపింది. కానీ విత్తే రోజును నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉన్నవాడికే ఆ మెసేజీ పనికొస్తుంది. ఎద్దులూ ట్రాక్టరూ లేని వాడు, భూస్వామి చేను విత్తాకే బాడుగ ట్రాక్టరు దొరికే వాడు సరైన తేదీ తెలిసీ ఆలస్యంగానే విత్తుతాడు.

అసలు చిక్కు భూమి రికార్డులో ఉంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో ఎస్సీల చేతిలో ఉన్నవి దాదాపు 12 శాతం. విస్తీర్ణంలో చూస్తే 9 శాతం కూడా లేవు. మన వాడల వాళ్లకు పట్టాలిచ్చిన భూమి చాలాచోట్ల గుట్ట వాలున, గరుసు నేలలో ఉంటుంది. మిగతా సాగు కౌలుకే. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు కావాలంటే యజమాని సంతకం ఉండాలి. అది చెల్లేది 11 నెలలే. రైతు డిజిటల్ గుర్తింపు సంఖ్యను భూమి రికార్డుకే ముడిపెడుతున్నారు. ఇక సెన్సర్ అంకె ఆ సంఖ్యకు చేరితే, ఎండిన పంట కౌలుదారుదీ, అంకె యజమానిదీ అవుతుంది.

పైగా సెన్సర్ చెప్పేది తాను పాతుకున్న చోటి సంగతే. నల్లరేగడి పల్లంలో తేమ నిలిచి ఉండగానే పైన గరుసు చేను ఎండిపోతుంది. రాళ్లలో కడ్డీకీ మట్టికీ మధ్య గాలి చేరితే రీడింగే తప్పుతుంది. పరికరం కాపలాకూ కరెంటుకూ వీలుందని బోరున్న పెద్ద చేలోనే పెడితే, ఊరంతా పచ్చగా ఉందని ఆ ఒక్క పొలమే సాక్ష్యం చెబుతుంది. వాతావరణ ఆధారిత బీమాలో ఈ బాధ మనకు అనుభవమే: కొండకు అవతల పడిన వాన ఇవతలి చేనుకు లెక్కవుతుంది.

అంకె రైతు చేతిలోనే ఉన్న సందర్భం కూడా ఒకటుంది. 2000ల దశకంలో ఏపీఫామ్స్ పథకం కింద అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టం, వాన కొలిచి, రబీకి ముందు ఊళ్లో కూర్చుని నీటి లెక్క వేసుకున్నారు. రైతులు, మహిళలతో సహా, కొలిచిన అంకెను అందరికీ కనిపించేలా రాశారు. దాని లోపమూ చెప్పాలి: నీటి లెక్కలో బోరు లేనివాడి మాటకు బలం తక్కువ.

అందుకని గుత్తి మండలంలో సెన్సర్లు వచ్చిన రోజున గ్రామసభలో అడగాల్సినవి ఉన్నాయి. పాతిన సర్వే నంబర్లలో అసైన్డ్ భూములు ఎన్ని? గరుసు చేలు ఎన్ని? రీడింగును సచివాలయం గోడ మీద రోజూ రాస్తారా? యజమాని సంతకం లేకున్నా, సాగు చేస్తున్న మనిషి పేరు ఆ అంకె పక్కన ఎక్కిస్తారా? ఈ జాబితాను పరికరాలు కొనే టెండరు కన్నా ముందే బయట పెట్టమని అడగాలి. పాతాక మార్చడం కష్టం.