అసలు రికార్డింగు ప్లేయర్‌లోనే వినిపించాలి

2001 చివర్లో స్వీడన్ ప్రోగ్రామర్లు కొందరు ఆర్కోస్ జూక్‌బాక్స్ ప్లేయర్‌లో కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్ నచ్చక, దాని స్థానంలో తామే ఒకటి రాయడం మొదలుపెట్టారు. ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల రాక్‌బాక్స్ అలా పుట్టింది. ఆ తొలి ఆర్కోస్‌లలో ఎంపీ3ని విప్పే పని ఒక ప్రత్యేక చిప్‌ది. ఆ చిప్‌కు ఏది తెలిస్తే అదే పాట. తర్వాత ఐరివర్ హెచ్120 లాంటివి వచ్చాయి. వాటిలో ప్రధాన ప్రాసెసరే ఆ పని చేయగలదు కాబట్టి, ఏ ఫైలు వినిపించాలన్న నిర్ణయం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల చేతికొచ్చింది. వాళ్లు వేవ్, ఏఐఎఫ్ఎఫ్ వంటి కుదించని ఫైళ్లకూ చోటిచ్చారు. జేబులో పెట్టుకునే చిన్న ప్లేయర్‌కు అంత బరువైన ఫైళ్లెందుకన్న ప్రశ్న మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది. నా దృష్టిలో అవి ఉండి తీరాలి. అయితే అందుకు కారణం, ప్రచారంలో ఉన్నట్టు, నాదం మెరుగ్గా ఉంటుందని కాదు.

ఆ ప్రచారాన్ని ముందే పక్కన పెడదాం. జాగ్రత్తగా చేసిన 320 కిలోబిట్ల ఎంపీ3కీ అసలు ఫైలుకూ తేడాను, పేరు చెప్పకుండా వినిపిస్తే, చాలామంది పట్టుకోలేరు. వినడం వరకే అయితే ఎంపీ3 చాలు. చిక్కంతా దాచుకోవడంలో ఉంది. పల్లెలో బుర్రకథనో ఒగ్గుకథనో రికార్డు చేసే పరిశోధకుడి చేతిలోని చిన్న రికార్డరు సాధారణంగా వేవ్ ఫైలే ఇస్తుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం కూడా భద్రపరచడానికి కుదించని ఆడియోనే, కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లతో ఉంచమంటుంది. ప్లేయరు ఆ ఫైలును తెరవకపోతే ఆయన ఏం చేస్తాడు? ఎంపీ3గా మార్చుకుని వింటాడు, అందరికీ అదే పంచుతాడు. డిస్కు నిండిన రోజున వినడానికి పనికిరాని పెద్ద ఫైలే ముందు చెరిగిపోతుంది. మిగిలిన నకలే అసలుగా చెలామణీ అవుతుంది. దాన్ని కత్తిరించి, మళ్లీ ఎంపీ3గా దాచిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. ఆ పోయింది ఎంత మంచి యంత్రం పెట్టినా తిరిగి రాదు.

ఇక ఇలాంటి ఫైళ్లను ప్లేయర్‌లో వినిపించడానికి ప్రోగ్రామర్లకు పని ఎంత? కుదించిన ఫైలును విప్పే ప్రతి కోడెక్కూ చివరికి ఇచ్చేది కుదించని నమూనాలనే, అంటే ధ్వని కొలతల అంకెలనే. వేవ్‌లో అవి సిద్ధంగా ఉంటాయి, విప్పాల్సిందేమీ లేదు. అయినా అజాగ్రత్తగా రాస్తే చెవులు చిల్లులు పడతాయి. వేవ్‌లో 8 బిట్ల నమూనాలకు రుణ సంఖ్యలుండవు, 16 బిట్లవాటికి ఉంటాయి. ఈ తేడా మరిచిపోతే పాట బదులు గరగర వినిపిస్తుంది. ఫైలు మొదట్లో 44 బైట్ల వివరాలు, ఆ వెంటనే ధ్వని అని చాలా ప్రోగ్రాములు గుడ్డిగా నమ్ముతాయి. ప్రసార సంస్థల వేవ్‌లో రికార్డు చేసినవారి పేరు, తేదీ, సమయం ఉండే మరో గడి ఉంటుంది. దాని పరిమాణం కనీసం 602 బైట్లు. అది ధ్వని కంటే ముందే వస్తే, ఆ గుడ్డి ప్రోగ్రాము ఆ పేరునూ తేదీనీ కూడా శబ్దంగా మార్చి మొదట్లోనే టప్పుమనిపిస్తుంది. ఇలాంటివాటిని సరిదిద్దడానికి కోడు అందరికీ కనిపించాలి. కంపెనీ అమ్మకం ఆపేసిన ప్లేయర్‌లో ఈ లోపం ఉంటే ఎవరికి చెప్పుకుంటాం?

బ్యాటరీ సంగతి నిజంగా గట్టి అభ్యంతరమే. సీడీ నాణ్యతలో సెకనుకు 1,76,400 బైట్లు కావాలి. హెచ్120లో మెమరీ 32 ఎంబీ. అదంతా పాటకే కేటాయించినా మూడు నిమిషాల చిల్లరకే ఖాళీ అవుతుంది, హార్డ్‌డిస్కు మళ్లీ తిరగాలి. 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే అదే మెమరీ అరగంట దాటి వస్తుంది. మెమరీ కార్డులు వచ్చాక తిరిగే డిస్కు బాధ పోయింది గానీ, చోటు మాత్రం నిమిషానికి పది ఎంబీ పైగా తింటూనే ఉంది. అందుకే ఫ్లాక్ ఉందిగా అనేవాళ్ల మాట కాదనను. దాదాపు సగం చోటులో ఒక్క బిట్టూ పోకుండా దాస్తుంది, ఫైలు చెడిందేమో చూసుకునే గుర్తునూ తనలోనే ఉంచుకుంటుంది. ఇంట్లో పాటల సేకరణకు నేనైతే ఫ్లాక్‌నే సూచిస్తాను. కానీ రికార్డరు నుంచి అప్పుడే తీసిన కార్డులో ఉన్నది వేవ్. మార్చడానికి కంప్యూటరు కావాలి. పాడిన కళాకారుడికి అక్కడికక్కడే వినిపించి, తప్పుంటే మళ్లీ పాడించుకోవాల్సిన వేళ కంప్యూటరు దగ్గర ఉండకపోవచ్చు.

స్వచ్ఛంద ప్రోగ్రామర్ల సమయం తక్కువన్నదీ నిజమే. కాబట్టి ఆ సమయాన్ని ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలి. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోలో రెండు గంటల నాలుగైదు నిమిషాలకే ఫైలు 4 జీబీకి చేరుతుంది. మామూలు వేవ్‌లో పరిమాణం రాసే అంకె అంతకు మించి పట్టదు. తోలుబొమ్మలాట తెల్లవార్లూ సాగుతుంది. ఆ రికార్డింగు ముక్కలుగా చేరక తప్పదు. ఆ ముక్కల మధ్య పాట తెగకుండా వినిపించడం, రికార్డరు మధ్యలో ఆగి పరిమాణం రాసే చోట సున్నా మిగిలిన ఫైలును కూడా తెరవగలగడం ముందుగా చూడాల్సిన పనులు. వీటిని పరీక్షించడానికి అసలైన ఫైళ్లు కావాలి. అవి ప్రోగ్రామర్ల దగ్గర ఉండవు, రికార్డు చేసేవాళ్ల దగ్గరే ఉంటాయి. కోడు రాయడం రాకపోయినా, మొరాయించిన ఫైలు నుంచి ఒక చిన్న ముక్కను, కళాకారుల అనుమతితో, ఏ ప్లేయర్‌లో ఏం జరిగిందో రాసి పంపితే చాలు.